అమ్మ కోసం ఒక ర్యాంపు

అమ్మను చక్రాల కుర్చీలో ఇంటికి తీసుకువచ్చిన రోజు నుంచి, నల్లకుంటలోని మా ఇంటి వరండా ముందున్న మూడు మెట్లు నాకు కొండలా కనిపించాయి. వాటి మొత్తం ఎత్తు 45 సెంటీమీటర్లు. నేల మీద రెండు మీటర్ల మేర వాలు పోస్తే సరిపోతుందని మేస్త్రి గారు అన్నారు. ఆయన అనుభవం పట్ల నాకు ఎంతో గౌరవం ఉంది. అయినా మనసు ఒప్పక, ఆ రాత్రి కాగితం మీద లంబకోణ త్రిభుజం గీసి, ఎత్తును ఎదుటి భుజంగా, నేలను ఆసన్న భుజంగా తీసుకుని చూస్తే టాంజెంట్ విలువ (ఎత్తును నేల పొడవుతో భాగిస్తే వచ్చేది) 0.225, అంటే కోణం దాదాపు 12.7 డిగ్రీలు వచ్చింది. అంత వాలు మీద కుర్చీని పైకి నెట్టడం కష్టం, కిందికి దింపడం ప్రమాదం.

చక్రాల కుర్చీల వాలుకు సాధారణంగా పాటించే నిష్పత్తి 1:12, అంటే ఒక వంతు ఎత్తుకు నేల మీద పన్నెండు వంతుల పొడవు; కోణం సుమారు 4.8 డిగ్రీలు. ఆ లెక్కన నేల మీద 5.4 మీటర్లు కావాలి. కర్ణం, అంటే వాలు వెంబడి పొడవు, దాని కన్నా రెండు సెంటీమీటర్లే ఎక్కువ. (కోణం చిన్నదైతే ఈ రెండు భుజాలు ఇంత దగ్గరగా ఉంటాయని పదో తరగతిలో నేను గమనించనే లేదు.) మా ముందరి స్థలం మూడున్నర మీటర్లే కాబట్టి, ర్యాంపును ప్రహరీ గోడ వెంట మలుపు తిప్పి, మలుపు దగ్గర కుర్చీ ఆగడానికి చదునైన చోటు వదిలాం.

నిన్న సాయంత్రం అమ్మ, ఎవరి సాయమూ లేకుండా, చక్రాలను తన చేతులతోనే తిప్పుకుంటూ గేటు దాకా వెళ్లి వచ్చింది.