క్రమం మారితే ఫలితం మారే కొలతలు

అనిశ్చితత్వ సూత్రాన్ని పరిచయం చేసేటప్పుడు చాలామంది ఒక సూక్ష్మదర్శినిని ఊహించుకోమంటారు. ఎలక్ట్రాన్ ఎక్కడుందో చూడాలంటే దాని మీద కాంతి పడాలి. స్థానం ఎంత కచ్చితంగా కావాలంటే ఆ కాంతి తరంగదైర్ఘ్యం అంత తక్కువగా ఉండాలి. అలాంటి కాంతికణం తగలగానే ఎలక్ట్రాన్ ద్రవ్యవేగం మారిపోతుంది, కనుక రెండూ ఒకేసారి తెలియవు అంటారు. 1927లో హైసెన్‌బర్గ్ స్వయంగా ఇచ్చిన వివరణే అయినా, దీనితో మొదలుపెట్టడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువని నా అభిప్రాయం. ఎలక్ట్రాన్‌కు ఆ రెండు విలువలూ ముందే ఉన్నాయనీ, మన పరికరం మొరటుది కావడం వల్లనే అవి చేతికి అందడం లేదనీ అది చదివేవారిని నమ్మిస్తుంది. ఒకసారి ఈ నమ్మకం కుదిరాక దాన్ని తొలగించడం చాలా కష్టం.

నేనైతే స్పిన్‌తో, అంటే ఎలక్ట్రాన్ వంటి కణాలకు స్వతహాగా ఉండి వాటిని చిన్న అయస్కాంతాల్లా ప్రవర్తింపజేసే కోణీయ ద్రవ్యవేగంతో, మొదలుపెడతాను. 1922లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆటో స్టెర్న్, వాల్టర్ గెర్లాక్ వెండి పరమాణువుల పుంజాన్ని అసమానమైన అయస్కాంత క్షేత్రం గుండా పంపినప్పుడు అది రెండు పాయలుగా చీలింది. క్షేత్రాన్ని నిలువుగా అమర్చి, పైకి వెళ్ళిన పాయను మాత్రమే తీసుకుని, మళ్ళీ అలాంటి క్షేత్రం గుండానే పంపితే ప్రతి పరమాణువూ పైకే వెళుతుంది. అదే పాయను అడ్డంగా అమర్చిన క్షేత్రం గుండా పంపితే సగం కుడికి, సగం ఎడమకు వెళతాయి. ఇప్పుడు కుడికి వెళ్ళినవాటిని మాత్రమే తిరిగి నిలువుగా కొలిస్తే, ఒకప్పుడు అన్నీ పైకి వెళ్ళినవే అయినా, వాటిలో సగం కిందికి వెళతాయి.

అడ్డంగా ఉన్న అయస్కాంతం పరమాణువులను కుదిపి చెడగొట్టిందని ఎవరైనా అనవచ్చు. అయితే ఆ క్షేత్రం విడదీసిన కుడి, ఎడమ పాయలను, ఏ పరమాణువు ఏ దారిన వెళ్ళిందో ఎక్కడా నమోదు కాకుండా జాగ్రత్తగా తిరిగి కలిపితే, సిద్ధాంతం ప్రకారం మొదటి స్థితి చెక్కుచెదరకుండా వస్తుంది. నిలువుగా కొలిస్తే అన్నీ పైకే వెళతాయి. అయస్కాంతం గుండా పోవడమే కారణమైతే ఇలా జరగకూడదు. అసలు విషయం ఏమిటంటే, నిలువు దిశలో ‘పైకి’ అనే స్థితి కుడి, ఎడమ స్థితుల సమాన కలయిక. నిలువు దిశలోనూ అడ్డ దిశలోనూ ఒకేసారి నిర్దిష్టమైన విలువ గల స్థితి గణితంలో ఒక్కటి కూడా లేదు. లేని స్థితిని ఎంత సున్నితమైన పరికరమైనా చూపలేదు.

క్వాంటం సిద్ధాంతంలో కొలవదగిన ప్రతి ధర్మానికీ ఒక ఆపరేటర్, అంటే స్థితి మీద పనిచేసే ఒక గణిత ప్రక్రియ, ఉంటుంది. స్పిన్ విషయంలో అది రెండు వరుసలు, రెండు నిలువులు గల మాత్రిక. మాత్రికల గుణకారంలో క్రమం మారితే సాధారణంగా ఫలితం మారుతుంది. నిలువు, అడ్డ స్పిన్‌ల మాత్రికలు అలాంటివే, పైన చూసిన నిషేధానికి మూలం అదే. 1925లో బోర్న్, జోర్డాన్ స్థానానికీ ద్రవ్యవేగానికీ ఈ తేడా ఎంతో కనుగొన్నారు: రెండు క్రమాల్లో వచ్చే లబ్ధాల భేదం సున్నా కాదు, దాని పరిమాణం క్వాంటం సిద్ధాంతంలోని మౌలిక సంఖ్య అయిన ప్లాంక్ స్థిరాంకాన్ని రెండు పైలతో (2π) భాగిస్తే వచ్చేంత. గొట్టింగెన్‌లో బోర్న్ సమాధి రాతి మీద ఈ సూత్రమే చెక్కి ఉంది, అది న్యాయమే అనిపిస్తుంది.

స్థానం, ద్రవ్యవేగాల సంబంధం ధ్వనిలోనూ కనిపిస్తుంది. క్షణకాలం మోగి ఆగిపోయిన శబ్దానికి ఒకే ఒక్క పౌనఃపున్యం ఉండదు, ఎందుకంటే అంత కురచ తరంగాన్ని కూర్చడానికి ఎన్నో పౌనఃపున్యాలు కలవాలి. కణాన్ని వర్ణించే తరంగం కూడా ఇరుకైన చోటికి పరిమితమైనకొద్దీ అందులో భిన్న ద్రవ్యవేగాల పరిధి పెరుగుతుంది. ఈ రెండు వ్యాప్తుల ప్రామాణిక విచలనాల (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతల) లబ్ధం ప్లాంక్ స్థిరాంకాన్ని నాలుగు పైలతో (4π) భాగించిన విలువకన్నా తగ్గదని కెన్నార్డ్ 1927లో నిరూపించాడు. 1929లో రాబర్ట్‌సన్ దీన్ని ఇతర ధర్మాల జంటలకు విస్తరించాడు. గమనించవలసిందేమిటంటే, ఈ అసమీకరణంలో ఒకే కణాన్ని రెండుసార్లు కొలిచే ప్రసక్తే లేదు. ఒకే విధంగా సిద్ధం చేసిన అనేక కణాల్లో కొన్నిటి స్థానాన్ని, మిగిలినవాటి ద్రవ్యవేగాన్ని కొలిచినా ఆ హద్దు అలాగే ఉంటుంది. కొలత వల్ల కలిగే కలత వేరే ప్రశ్న. దానికి ఒజావా 2003లో వేరే అసమీకరణాన్ని ఇచ్చాడు.

అన్ని జంటలకూ ఈ నిషేధం లేదు. ఒక దిశలోని స్థానాన్నీ, దానికి లంబంగా ఉన్న దిశలోని ద్రవ్యవేగాన్నీ కలిపి తెలుసుకోవడానికి ఏ అడ్డూ లేదు. మొత్తం కోణీయ ద్రవ్యవేగ పరిమాణం, ఏదో ఒక దిశలో దాని అంశం కూడా పొసగుతాయి కనుకనే పరమాణువులోని ఎలక్ట్రాన్ స్థితులకు రెండు క్వాంటం సంఖ్యలనూ కలిపి ఇవ్వగలుగుతున్నాం. మూడు దిశల్లోని అంశాలు పరస్పరం పొసగకపోయినా, కోణీయ ద్రవ్యవేగం సున్నా అయిన స్థితిలో మూడింటి విలువా కచ్చితంగా సున్నాయే.

స్థితికి అందని విలువలు లోపల దాగి ఉండవచ్చు కదా అన్న ప్రశ్నను తేలిగ్గా తోసిపుచ్చకూడదు. దానికి 1967లో కోషెన్, స్పెకర్ కొంతమేరకు సమాధానం చెప్పారు: స్థితులను వర్ణించే గణితానికి మూడు లేదా అంతకన్నా ఎక్కువ పరిమాణాలు (డైమెన్షన్లు) అవసరమయ్యే వ్యవస్థల్లో, పక్కన ఇంకేమి కొలుస్తున్నామన్న దానితో నిమిత్తం లేకుండా, అన్ని ధర్మాలకూ సిద్ధాంతానికి పొసగే విలువలను ముందే కేటాయించడం సాధ్యం కాదు. కణానికి ఎప్పుడూ నిర్దిష్ట స్థానం ఉంటుందని చెప్పే బోమ్ సిద్ధాంతం కూడా దీనికి లోబడే నిలిచింది. అందులో స్పిన్ కొలత ఫలితం పరికరాన్ని ఎలా అమర్చామన్న దానిపైన కూడా ఆధారపడుతుంది.