పాత కారు హెడ్‌లైట్: దారిలో పోయే వోల్టేజీని పట్టుకోవడం

హెడ్‌లైట్ మసకబడగానే చాలామంది కొత్త బల్బు కొంటారు. అప్పటికీ వెలుతురు రాకపోతే 60/55 వాట్ల హెచ్4 (లో, హై బీమ్‌ల ఫిలమెంట్లు రెండూ ఒకే బల్బులో ఉండే రకం) తీసేసి 100/90 వాట్లది పెడతారు. కొన్నాళ్లకు హోల్డర్ కరిగి, బానెట్ తెరిస్తే ప్లాస్టిక్ మాడిన వాసన కొడుతుంది. అసలు జబ్బు మాత్రం అలాగే ఉంటుంది: బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులున్నా బల్బు దాకా పదిన్నరో, పదకొండో చేరుతున్నాయి.

ఫిలమెంట్ బల్బుకు ఈ తేడా చిన్నది కాదు. వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం పడిపోతుంది, 15 శాతం తగ్గితే 40 శాతం పైనే. కాంతి తెలుపు పోయి పసుపు పచ్చగా మారడం దీని మొదటి గుర్తు.

హోల్డర్‌ను బల్బు నుంచి ఊడదీసి, మల్టీమీటర్ పెట్టి, "12.5 వస్తోంది కదా, వైరింగ్ బాగానే ఉంది" అనుకోవడం ఎక్కువమంది చేసే పొరపాటు. మీటర్ తీసుకునే కరెంటు లేనట్టే లెక్క. వైరులో ఇరవై పోగుల్లో పంతొమ్మిది తెగిపోయి ఒక్కటే మిగిలినా మీటర్ నిండు వోల్టేజీయే చూపిస్తుంది. లైటు వెలుగుతున్నప్పుడు కొలిస్తేనే నిజం బయటపడుతుంది. ఓమ్స్‌లో పెట్టి చూడటం కూడా దండగే. స్విచ్‌లో 0.2 ఓమ్‌లు పెరిగితే చాలు లైటు మసకబడటానికి, కానీ మామూలు మీటర్ వైర్లకే అంత రెసిస్టెన్స్ ఉంటుంది. ఆ 0.2 ఓమ్‌ల సంగతి చూడండి: రెండు లో బీమ్‌లూ కలిసి 9 ఆంపియర్లు లాగుతాయి, అంటే 1.8 వోల్టులు అక్కడే పోతాయి, సుమారు 16 వాట్ల వేడి ఆ చిన్న స్విచ్‌లోనే పుడుతుంది. పాత స్విచ్‌ల వెనక ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగేది అందుకే.

కొలిచే పద్ధతి ఇదీ. హోల్డర్ బల్బుకు తగిలించే ఉంచి లో బీమ్ వేయండి. మీటర్ డీసీ 20 వోల్టుల రేంజ్‌లో ఉండాలి. ఎర్ర ప్రోబ్‌ను బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీదే పెట్టండి, క్లాంప్ మీద కాదు. ఆ రెండింటి మధ్య పట్టిన తెల్లటి పొడి కూడా లెక్కలోకి రావాలి. నల్ల ప్రోబ్‌కు సన్నటి గుండుసూది తగిలించి, హోల్డర్ వెనక నుంచి లో బీమ్ టెర్మినల్‌కు ఆనించండి. మీటర్ చూపించేది పాజిటివ్ వైపు దారిలో పోతున్న వోల్టేజీ. ఇది అర వోల్టు లోపు ఉంటే పర్వాలేదు. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) లేని పాత కార్లలో ఒకటిన్నర, రెండు రావడం మామూలే. తర్వాత ఒక ప్రోబ్ బల్బు ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారి) టెర్మినల్ మీద, రెండోది బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద పెట్టండి. ఇక్కడ 0.1, మహా అయితే 0.2 దాటకూడదు. ఇంజిన్ ఆపి చేస్తే బ్యాటరీ వోల్టేజీ నెమ్మదిగా దిగుతూ ఉంటుంది కానీ, ఈ పద్ధతిలో దాని గొడవ లేదు.

కొన్ని పాత జపనీస్ కార్లలో వరస తిరగబడి ఉంటుంది. లైట్లు వేస్తే పాజిటివ్ నేరుగా బల్బు ఉమ్మడి పిన్నుకు వస్తుంది, లో, హై మార్చే డిప్పర్ స్విచ్ ఎర్త్ వైపు కలుపుతుంది. హోల్డర్ ఊడదీసి చూస్తే లో వేసినా హై వేసినా ఒకే పిన్నులో 12 వోల్టులు వస్తుంటే మీది ఆ రకం. అది తేలకుండా వైరు కోయొద్దు.

ఎర్త్ పోతే లైటు ఆరిపోతుందనుకుంటాం. హెచ్4లో అలా జరగదు, తమాషాగా ఉంటుంది. ఎడమ బల్బు ఎర్త్ ఊడిందనుకోండి. లో బీమ్ వేస్తే కరెంటు ఎడమ లో ఫిలమెంట్‌లోంచి వచ్చి, బయటికి దారి లేక, అదే బల్బులోని హై ఫిలమెంట్‌లోకి వెనక్కి ఎక్కుతుంది. అక్కడి నుంచి హై బీమ్ వైరు పట్టుకుని కుడి బల్బు హై ఫిలమెంట్ గుండా ఎర్త్ చేరుతుంది. ఎడమ లైటు మిణుకుమంటుంది, డ్యాష్‌బోర్డు మీద నీలం హై బీమ్ దీపం లో బీమ్‌లోనే మసగ్గా వెలుగుతుంది. ఆ నీలం దీపం కనిపిస్తే మీటర్ తీయక ముందే ఎర్త్ బోల్టు దగ్గరికి వెళ్లొచ్చు. బోల్టు విప్పి, లగ్‌నూ (వైరు చివరి లోహపు రింగు) కింది రేకునూ లోహం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, స్టార్ వాషర్ వేసి బిగించి, ఆపైన పెట్రోలియం జెల్లీ రాయండి. రంగు వేసిన రేకు మీద లగ్ బిగించడం ఎర్త్ ఇవ్వనట్టే.

పాజిటివ్ వైపు పోతుంటే నల్ల ప్రోబ్‌ను బల్బు నుంచి వెనక్కి ఒక్కో మెట్టూ జరపండి: డిప్పర్ అవతల, ఇవతల, లైట్ స్విచ్ అవతల, ఇవతల, ఫ్యూజు రెండు చివర్లు. అంకె ఎక్కడ ఒక్కసారిగా పడిపోతే, అప్పుడే దాటిన చోటే దొంగ. పాత యూరోపియన్ కార్లలో రెండు కొనలూ మొనదేలిన ఫ్యూజులు ఉంటాయి. అవి కాలకుండానే, కొనల దగ్గర చిలుము పట్టి, కరెంటు ఆపుతాయి. బయటికి తీసి క్లిప్పులు గీకి మళ్లీ పెడితే చాలాసార్లు సగం పని అయిపోతుంది. హోల్డర్ టెర్మినల్ వేడికి నీలం రంగు తిరిగి ఉంటే దాన్ని రుద్దినా లాభం లేదు, స్ప్రింగు బిగువు పోయినట్టే. సిరామిక్ హోల్డర్ వేసి, టెర్మినళ్లు సరిగ్గా క్రింప్ చేయండి.

స్విచ్, డిప్పర్ రెండూ తలా అర వోల్టు మింగుతుంటే వాటిని బాగుచేయడం కన్నా రిలేలు పెట్టడం మేలు. లో బీమ్‌కు ఒకటి, హై బీమ్‌కు ఒకటి. రిలే టెర్మినళ్ల మీద అంకెలు ఉంటాయి: 30కి బ్యాటరీ నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్యాటరీకి జానెడు దూరంలోనే 20 ఆంప్ ఫ్యూజు. 87 నుంచి ఒక్కో బల్బుకు 2.5 చదరపు మిల్లీమీటర్లది. 86కి పాత హెడ్‌లైట్ వైరు, 85కి ఎర్త్. ఎర్త్ వైపు స్విచ్ ఉన్న కార్లకు ఈ కలయిక పనికిరాదు. ఇక పాత స్విచ్ మోయాల్సింది రిలే కాయిల్ లాగే 0.2 ఆంపియర్ల లోపే. బల్బు ఎర్త్ వైరు కూడా లావుది వేయకపోతే చేసిందంతా సగంలో ఆగుతుంది. రిలే టెర్మినళ్లు కిందికి ఉండేలా బిగించండి, నీళ్లు నిలవవు.

ఫ్యూజు పదేపదే పోతుంటే పెద్ద ఫ్యూజు వేయకండి, వైరే ఫ్యూజవుతుంది. రెండు హోల్డర్లూ ఊడదీసి, ఫ్యూజు స్థానంలో 21 వాట్ల బల్బు కలపండి. స్విచ్ వేయగానే అది నిండుగా వెలిగితే ఎక్కడో వైరు బాడీకి తగులుతోంది. వైరింగ్ కట్టను కొద్దికొద్దిగా కదుపుతూ వెళ్లండి, బల్బు ఆరిన చోట ఆగండి. ఎక్కువగా దొరికేది వైరు రేకుకు ఒరుసుకోకుండా వేసే రబ్బరు గ్రొమెట్ ఎండి విరిగిపోయిన రంధ్రం దగ్గర, లేదా హెడ్‌లైట్ కూర్చునే రేకు బకెట్ అంచున.

బల్బులు మసకబడకుండా తరచూ కాలిపోతుంటే మాత్రం ఎదురు దారి. ఇంజిన్‌ను 2000 ఆర్‌పీఎంలో ఉంచి బ్యాటరీ దగ్గర చూడండి. 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. 15 వస్తోందంటే ఛార్జింగ్ వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయింది. రిలే పెట్టక ముందే దాన్ని మార్చండి, లేకపోతే ఇన్నాళ్లూ పాత వైరింగ్ మింగుతున్న ఆ అదనపు వోల్టేజీ కూడా నేరుగా కొత్త బల్బుకే చేరుతుంది.