బోరు షెడ్డులో ఎల్‌సీడీ కాంట్రాస్ట్: నా అనుభవం

బోరు మోటారు టైమర్‌కి పెట్టిన ఎల్‌సీడీ నాకు మోటారు కంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది. అందరూ వాడే 16×2 రకమే (వరుసకి 16 అక్షరాలు, రెండు వరుసలు), పచ్చ తెర మీద నల్ల అక్షరాలు, తెరని నడిపే చిప్పు హిటాచీ హెచ్‌డీ44780 పద్ధతిది. హైదరాబాద్‌లో గదిలో టేబుల్ మీద చక్కగా కనిపించిన అక్షరాలు, ఖమ్మం దగ్గర మా ఊళ్లో రేకుల షెడ్డులోకి వెళ్లేసరికి పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఇంకోలా తయారయ్యాయి. మే నెల ఎండకి మూడు గంటలప్పుడు చూస్తే తెర నిండా నల్ల డబ్బాలే. "ఏరా, మళ్లీ పోయిందా నీ పెట్టె?" అనేవాడు నాన్న.

పోలేదు. పై వరుస మాత్రమే డబ్బాలతో నిండి కింది వరుస ఖాళీగా ఉంటే అది వేరే సంగతి. కరెంటూ కాంట్రాస్టూ (అంటే అక్షరాల నలుపు ఎంత తేటగా కనిపిస్తుందో అది) బాగానే ఉన్నాయి గానీ ప్రోగ్రాం పంపే మొదటి ఆదేశాలు తెరకి అందలేదన్నమాట, అప్పుడు ప్రీసెట్ (కాంట్రాస్ట్ సర్దడానికి తిప్పే చిన్న రెసిస్టర్) జోలికి పోకుండా వైర్లు చూసుకోవాలి, రెండు డేటా వైర్లతో నడిచే ఐ2సీ రకం అయితే ప్రోగ్రాంలో రాసిన దాని అడ్రసు కూడా. నా దాంట్లో రెండు వరుసల్లోనూ అక్షరాలు ఉన్నాయి, వాటి వెనక డబ్బాలు కూడా తేలి కూర్చున్నాయి. ఇది కచ్చితంగా కాంట్రాస్టే.

కాంట్రాస్ట్ అంతా మూడో పిన్ను చేతిలో ఉంటుంది. 5 వోల్టుల సప్లైకీ ఈ పిన్నుకీ మధ్య ఎంత తేడా ఉంటే అక్షరాల్లోని చుక్కలు అంత నల్లబడతాయి, అంటే పిన్ను మీద వోల్టేజీ తగ్గేకొద్దీ తెర ముదురుతుంది. మామూలుగా దీనికి 10కె (పది వేల ఓములు) ప్రీసెట్ పెడతారు. అది మొత్తం తిప్పినా పనికొచ్చేది గ్రౌండు వైపు చివరి కొంచెం ముక్కే, మిగతా తిప్పుడంతా దండగ. ఆ ముక్కలో కూడా తిప్పే స్క్రూడ్రైవర్ వెంట్రుకవాసి కదిలితే అక్షరాలు మాయం.

ఇంత సున్నితం ఎందుకంటే, రెండు వరుసల తెరలో 16 అడ్డగీతల్ని ఒకదాని తర్వాత ఒకటి నడుపుతారు. అలా పంచుకున్నప్పుడు నల్లబడాల్సిన చుక్కకి అందే వోల్టేజీ, నల్లబడకూడని చుక్కకి అందేదానికి మహా అయితే 1.29 రెట్లు ఉంటుంది, అంతే. పైగా వేడెక్కితే లోపలి ద్రవానికి తక్కువ వోల్టేజీయే సరిపోతుంది కాబట్టి ఖాళీగా ఉండాల్సిన చుక్కలు కూడా నల్లబడతాయి. చలికాలం పొద్దున దీనికి తలకిందులు, అక్షరాలే వెలిసిపోతాయి.

కంటితో చూసి తిప్పడం మానేసి మల్టీమీటర్ పట్టుకుని షెడ్డులో కూర్చున్నాను. పొద్దున ఆరింటికి మూడో పిన్ను మీద 0.7 వోల్టుల దగ్గర అక్షరాలు బాగున్నాయి. అదే తెరకి మధ్యాహ్నం 1.1 వరకూ పెంచితే గానీ డబ్బాలు పోలేదు. ఈ రెండంకెలు దొరికాక సగం పని అయిపోయినట్టే. 10కె ప్రీసెట్ పీకేసి, 5 వోల్టుల నుంచి 4.7కె రెసిస్టర్, దాని కింద గ్రౌండుకి 2కె ప్రీసెట్ వేసి, ప్రీసెట్ మధ్యకాలు మూడో పిన్నుకి కలిపాను. ఇప్పుడు ప్రీసెట్ మొత్తం తిప్పినా సున్నా నుంచి రెండు వోల్టుల లోపే తిరుగుతుంది, కావలసిన చోట నింపాదిగా ఆపొచ్చు. లెక్క వేసినదానికంటే మీటర్లో కాస్త ఎక్కువ చూపిస్తే కంగారు పడకండి, తెర లోపలి రెసిస్టర్ల నుంచి కూడా ఆ పిన్ను గుండా కొంచెం కరెంటు బయటికి వస్తుంది.

0.9 దగ్గర వదిలేశాను. మధ్యాహ్నం అక్షరాల వెనక కాస్త నీడ, పొద్దున కాస్త పలచన, రెండు పూటలా చదవొచ్చు. వేడిని పసిగట్టే థెర్మిస్టర్ పెట్టి, టైమర్‌ని నడిపే ఆర్డుయినో బోర్డు నుంచి పీడబ్ల్యూఎంతో (కరెంటుని వేగంగా ఆపుతూ వదులుతూ వోల్టేజీ సర్దే పద్ధతి) దానంతట అదే సర్దుకునేలా చేయొచ్చు, కానీ ఒక బోరు మోటారు కోసం నాకంత ఓపిక లేదు.

ఇంకో తిరకాసు మిగిలింది. మోటారుని ఆన్ చేసే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) టక్‌మని పడగానే అక్షరాలు పాలిపోయేవి. మీటర్ పెడితే ఆ క్షణంలో సప్లై 5 నుంచి 4.6కి జారుతోంది, సప్లై తగ్గితే మూడో పిన్నుతో తేడా కూడా తగ్గుతుంది కదా. పాత ఫోన్ చార్జర్ తీసేసి 2 ఆంపియర్లది పెడితే ఆ గోల పోయింది.

ఆఖరుకి ఎత్తు. ఈ రకం తెరలు ఎక్కువగా ఆరు గంటల దిక్కు నుంచి, అంటే కాస్త కింద నుంచి పైకి చూడ్డానికి చేసినవి. నేనేమో స్టార్టర్ పక్కన నడుము ఎత్తులో బిగించాను, నాన్న నిలబడి పైనుంచి చూస్తే ఏ ప్రీసెట్టూ ఆదుకోలేదు. పెట్టెని కంటికి జానెడు పైకి ఎక్కించాక ఆయన కళ్లజోడు లేకుండానే నిమిషాలు చదివి, "మరి ఆ పనేదో మొదటే చేయొచ్చు కదా" అని మోటారు వేసి వెళ్లిపోయాడు.