ఉస్తాద్ పింఛను వదినె పేరు మీదికి మారేదాకా

మాజీ సైనికుడు పోతే పింఛను దానంతట అదే భార్య పేరు మీదికి మారుతుందని మన ఊళ్ళలో ఒక నమ్మకం ఉంది. పీపీఓలో, అంటే పింఛను మంజూరు పత్రంలో, భార్యకు ఉన్న పేరు, ఆధార్‌లో ఉన్న పేరు ఒక్కటే అయితే పెద్ద కష్టం ఉండదు. ఒక్కటి కాకపోతే ఎంత తిరగాలో, ఫౌజులో నా సీనియర్, నేను ఉస్తాద్ అని పిలుచుకునే ఆయన పోయాక చూశాను.

నేను మద్రాస్ రెజిమెంట్‌లో హవల్దార్‌గా చేసి వచ్చాను, ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాను. ఉస్తాద్‌ది పరకాల వైపు ఒక పల్లె. 1970లో భర్తీ అయ్యారు. 1987లో శాంతి సేనతో శ్రీలంక వెళ్ళినప్పుడు ఆయనే నా సెక్షన్ కమాండర్. ఒకే జిల్లావాళ్ళం కాబట్టి నన్ను పేరు పెట్టి పిలవకుండా గిరాయీ అనేవారు. సెలవు దొరికితే ఇద్దరం కలిసే కాజీపేటలో దిగేవాళ్ళం.

పోయిన రోజు మేం కొంతమందిమి మెడల్స్ పెట్టుకుని వెళ్ళాం. ఊళ్ళో కుర్రాళ్ళు జాతీయ జెండా తెచ్చి కప్పుదామన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ జెండా కప్పేది ప్రభుత్వ, సైనిక, పారామిలిటరీ లాంఛనాలతో జరిగే అంత్యక్రియల్లోనే. రిటైరై ఇంట్లో పోయిన మనిషికి మా అంతట మేం కప్పకూడదు. ఆ మాట చెప్పేసరికి ఒక పెద్దాయనకు కోపం వచ్చింది. "దేశం కోసం కొట్లాడినోనికి జెండ గూడ దిక్కులేదా?" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేను. రెజిమెంట్ పేరుతో పూలచక్రం పెట్టాం. దాని రిబ్బన్ మీద మా సూక్తి, గీతలోని మాట, "స్వధర్మే నిధనం శ్రేయః" రాయించాం. వరుసగా నిలబడి సెల్యూట్ చేశాం. తర్వాత మాలో పెద్దవాడు మా రెజిమెంట్ యుద్ధ నినాదం "వీర మద్రాసీ" అని ఎత్తుకుంటే మిగతా అందరం "అడి కొల్లు, అడి కొల్లు" అన్నాం. ఊరివాళ్ళకు అర్థం కాలేదు గానీ, గొడవ మాత్రం అక్కడితో ఆగింది.

కర్మలు పూర్తి కాకముందే ఒక బంధువు ఏటీఎం కార్డు అడిగాడు. ఖాతాలో పింఛను పడుతోంది కదా, ఖర్చులకు తీసుకుందామని ఆయన ఆలోచన. ఇది మాత్రం ఎవరూ చేయొద్దు. మనిషి పోయిన తర్వాతి రోజులకు పడ్డ పింఛను ఎప్పటికైనా తిరిగి వసూలు చేస్తారు, అది వచ్చే కుటుంబ పింఛనులోంచే కోసుకుంటారు. ఖర్చులకు మేమందరం తలా కొంత వేసుకున్నాం. పంచాయతీలో మరణ ధ్రువపత్రం తీసుకుని, రక్షణ శాఖ పింఛన్లు చూసే స్పర్శ్ పోర్టల్‌లో మరణం సంగతి తెలియజేసి, ఉస్తాద్ భార్య, మా వదినె పేరున కుటుంబ పింఛనుకు పెట్టాం. ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, ఫొటో అన్నీ ఉన్నాయి. దరఖాస్తు వెనక్కి వచ్చింది.

కారణం ట్రంకు పెట్టెలో దొరికింది. సైన్యం నుంచి వచ్చేటప్పుడు ఇచ్చే డిశ్చార్జ్ బుక్కులో భార్య పేరు దగ్గర ఉన్నది వదినెకు పుట్టింటివాళ్ళు పెట్టిన పేరు. పెళ్ళయ్యాక అత్తగారింట్లో పేరు మార్చారు. ఊరందరికీ, ఓటరు కార్డుకీ, ఆధార్‌కీ తెలిసింది ఆ రెండో పేరే. మన దగ్గర ఇదేం వింత కాదు, ఇంట్లో లచ్చవ్వ బడి రిజిస్టర్లో లక్ష్మి అవుతుంది. కానీ రికార్డులకు సంబంధించినంతవరకు ఉస్తాద్ భార్య ఒకామె, పింఛను అడుగుతున్నది ఇంకొకామె.

"నేను నేనేనని ఇంక ఎవలతోటి చెప్పియ్యాలె తమ్మీ?" అంది వదినె. నవ్వుతూనే అంది గానీ, నాకు తల కొట్టేసినట్టయింది.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే దారి చెప్పారు. మాకు కావాల్సింది రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ ముందు అఫిడవిట్, పత్రికలో ప్రకటన, పంచాయతీ నుంచి ధ్రువపత్రం, డిశ్చార్జ్ బుక్ నకలు. ఇవన్నీ కలిపి, సైనిక కార్యాలయం లెటరుతో తమిళనాడు వెల్లింగ్టన్‌లో ఉన్న మా రెజిమెంట్ రికార్డ్స్ ఆఫీసుకు పంపాలి. అక్కడ పార్ట్ టూ ఆర్డరు వెలువడితే పీపీఓలో పేరు సరి అవుతుంది. సర్వీసులో ఉన్న జవాను పెళ్ళి, పిల్లల పుట్టుక, పేరు మార్పు అన్నీ ఎక్కేది ఈ పార్ట్ టూ ఆర్డర్లలోనే. అందులో ఎక్కకపోతే అది జరగనట్టే.

వెల్లింగ్టన్ పేరు వినగానే మాకు నీలగిరుల చలి, శ్రీనాగేష్ బారక్స్ గుర్తొస్తాయి. 1955 నుంచి 57 వరకు ఆర్మీ చీఫ్‌గా, తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా చేసిన జనరల్ శ్రీనాగేష్ పేరు అది. ట్రైనింగ్‌లో ఆయన తెలుగాయన అని చెప్పుకుని తెగ మురిసేవాళ్ళం.

పెట్టెలో ఇంకొకటి కూడా దొరికింది. ఉస్తాద్ 56 ఏపీఓ, అంటే ఆర్మీ పోస్టాఫీసు, నుంచి రాసిన ఇన్లాండ్ లెటర్లు, మనీఆర్డర్ రసీదులు. అన్నిటి మీదా వదినె పుట్టింటి పేరే. ఊళ్ళో ఎవరూ పిలవని ఆ పేరుతో ఆయన ఒక్కరే రాస్తూ వచ్చారన్నమాట. పోస్ట్‌మ్యాన్‌కు ఎలా తెలిసేదని అడిగితే, "మిలిటరీ ముద్ర జూసి ఇచ్చిపోతుండె" అంది. వాటి నకళ్ళు కూడా జతచేశాం. ఎవరూ అడగలేదు, అయినా పెట్టాం.

తర్వాత అంతా ఎదురుచూపే. ఆ నెలల్లో మా గ్రూపులో వెల్లింగ్టన్ వైపు ఉండే ఒక తంబి (మా రెజిమెంట్ వాళ్ళను అలాగే అంటారు) కాగితం ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కుని చెప్పేవాడు. ఆయన ఉస్తాద్‌ను ఎన్నడూ చూడలేదు. తమిళం, హిందీ కలిపి వాయిస్ మెసేజ్ పెడితే నేను వదినెకు తెలుగులో చెప్పేవాణ్ణి. చివరికి ఆర్డరు వచ్చింది, పీపీఓ మారింది, బకాయితో సహా పింఛను పడింది. ఇక్కడ ముందే తెలుసుకోవాల్సిన మాట ఒకటుంది. సర్వీసు పింఛను జీతంలో 50 శాతం లెక్క, మామూలు కుటుంబ పింఛను 30 శాతం. భర్త పోయాక కొంతకాలం ఎక్కువ రేటు ఇస్తారు గానీ, అది ఏడేళ్ళు లేదా ఆయన బతికుంటే 67 ఏళ్ళు నిండే వరకు, ఏది ముందైతే అది. ఉస్తాద్‌కు ఆ వయసు ఎప్పుడో దాటింది. డబ్బు తగ్గిందని కొడుకు కంగారుపడితే ఇదంతా కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కింద వైద్యం మాత్రం కొనసాగుతుంది. 1996 జనవరి 1కి ముందు రిటైరైనవారు కాబట్టి దానికి చందా కూడా లేదు.

కార్గిల్‌కు జూలై 26, 71 యుద్ధానికి డిసెంబర్ 16 ఉన్నాయి. శ్రీలంకలో దాదాపు 1,200 మందిని పోగొట్టుకున్నా దానికి జనం గుర్తుంచుకున్న రోజంటూ లేదు. అందుకే మా జిల్లా తంబీలం డిసెంబర్ 16నే అందరినీ కలిపి తలచుకుంటాం. పోయినసారి మీటింగ్‌కు అందరినీ డిశ్చార్జ్ బుక్, భార్య ఆధార్ తెమ్మన్నాం. రెండు నిమిషాల మౌనం అయ్యాక టేబుళ్ళు కలిపి పేర్లు పోల్చడం మొదలుపెడితే భోజనాలు ఆలస్యమయ్యాయి. పుట్టిన తేదీలు, ఇంటిపేర్లు, అక్షరాలు, ఏదో ఒకటి తేడా ఉన్నవాళ్ళు చాలామందే తేలారు. పదిహేనేళ్ళు నిండకుండా బయటికి వచ్చి పింఛను లేని ఒకాయన, తనకు పోల్చుకోవడానికి ఏముందని పక్కన కూర్చున్నాడు. హవల్దార్ స్థాయి దాకా, 65 దాటి, పింఛను లేనివాళ్ళకు కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే సాయం ఉందనీ, 2025 నవంబర్ 1 నుంచి పెట్టుకునే దరఖాస్తులకు నెలకు 4,000 నుంచి 8,000కు పెంచారనీ అప్పుడే చెప్పాం. మర్నాడు ఆయన, నేను సైనిక కార్యాలయానికి వెళ్ళాం. ఆయన డిశ్చార్జ్ బుక్కులో మొదటి పేజీ చెదలు తినేసింది. ఇప్పుడు దాని నకలు కోసం రాస్తున్నాం.