తాత నుదుటి మీది గీత

మా తాత నుదుటి మీద, కుడి కనుబొమ్మకు కాస్త పైన, వేలెడంత అడ్డగీత ఉండేది. చిన్నప్పుడు మేము దాన్ని ముడత అనుకునేవాళ్లం. అది బంతి కోసిన గాటు. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంటే తోలు తొడుగు, లోపల రబ్బరు బ్లాడర్. గాలి కొట్టాక మూతిని తోలు తాడుతో బిగించేవారు. వాన పడితే తోలు నీళ్లు తాగి రాయిలా బరువెక్కేది. తాడున్న వైపు తలకు తగిలిందంటే చర్మం చీలేది. "చూసుకుని తల పెట్టాలిరా" అనేవాడు తాత. గిరగిరా తిరుగుతూ వచ్చే బంతికి తాడు ఎటుందో ఎలా చూస్తారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

హైదరాబాద్ ఫుట్‌బాల్ అనగానే అందరూ సిటీ పోలీసు జట్టు గురించే చెబుతారు. చెప్పాలి కూడా. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు తెచ్చారంటే మాటలా! అయితే ఆ జట్టు చేతిలో ఓడినవాళ్ల గురించి ఎవరూ రాయరు. మా తాత ఆ బాపతు.

1946 నుంచి 1951 వరకు ఆడాడు. ఐదేళ్లలో నాలుగు జట్లు. జట్టు మారడమంటే ఆయనకు పని మారడమే. ఆట వచ్చినవాడికి మిల్లులోనో కార్ఖానాలోనో ఖలాసీ పని దొరికేది. జట్టు చెదిరిపోతే పనీ పోయేది. 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం మీదికి భారత సైన్యం వచ్చినప్పుడు, అదే పోలీసు చర్య అంటారే, అప్పుడు ఆయన మూడో జట్టు అలాగే చెదిరింది. ఆ తర్వాత లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో చేరాడు. ఆడినంత కాలం లెఫ్ట్ హాఫే, అంటే మధ్య వరసలో ఎడమవైపు ఆటగాడే.

బూట్ల సంగతి చెప్పకపోతే తాత ఊరుకోడు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక తిరుమలగిరిలోని తెల్ల సిపాయిలు ఇంటిదారి పట్టారు. వాళ్లలో ఒకడు తన బూట్లు అమ్ముతానన్నాడు. ఆరు రూపాయలు, అవీ కల్దార్ రూపాయలే, అంటే ఇంగ్లీషువాళ్ల రూపాయలే కావాలన్నాడు. నిజాం సొంత నాణెం హాలీ సిక్కా అతనికి దేనికి? తాత దగ్గరున్నది హాలీ సిక్కానే. ఆరు కల్దార్ రూపాయలకు ఏడు హాలీ రూపాయలు లెక్కగట్టి ఇచ్చాడు. తీరా చూస్తే అవి తొమ్మిదో నంబరు బూట్లు, తాత పాదం ఏడు. ముందు భాగంలో నాయనమ్మ చీర పీలికలు కుక్కేవాడినని చెప్పేవాడు. అప్పటికి పెళ్లే కాలేదు కదా, ఎవరి చీరో మరి!

ఆ బూట్లూ వాన రోజుల్లోనే. నేల పొడిగా ఉంటే చీలమండలకు గుడ్డ పట్టీ చుట్టుకుని ఉత్తి కాళ్లతో ఆడేవాడు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన జట్టులో చాలామంది ఆడింది అలాగే. ఫ్రాన్స్ చేతిలో 2-1 తేడాతో ఓడారు. 1952లో హెల్సింకీ చలిలో యుగోస్లావియా పది గోల్స్ కొట్టింది, మనవాళ్లు ఒక్కటి. ఆ తర్వాతే ఇక్కడ బూట్లు తప్పనిసరి చేశారు. తాత ఆట అప్పటికే ముగిసిపోయింది.

రహీం సాబ్‌ను, అంటే పోలీసు జట్టుకూ భారత జట్టుకూ కోచ్‌గా ఉన్న సయ్యద్ అబ్దుల్ రహీంను, తాత దగ్గరగా చూశాడు. బడిపంతులు, చేతిలో ఎప్పుడూ సిగరెట్టు. కుర్రాళ్లకు వింత పోటీలు పెట్టేవారు. ఒకదానిలో డ్రిబ్లింగ్ చేయకూడదు, అంటే బంతిని కాళ్ల దగ్గరే ఉంచుకుని పరుగెత్తకూడదు, బంతి వచ్చిన వెంటనే ఇచ్చేయాలి. ఇంకోదానిలో రాని కాలితోనే ఆడాలి. తాతకు కుడికాలు ఉన్నట్టే లెక్క కాదు. ఆ పోటీలో తన ఆట చూసి గట్టు మీద కూర్చున్న పిల్లలు కూడా నవ్వారట. ఒకసారి పోలీసు జట్టుతో సరదా ఆట పడింది. "మొత్తం ఆటలో బంతి మూడుసార్లు తాకాను. అందులో ఒకటి నుదుటికి" అనేవాడు.

1951 వానాకాలంలో మోకాలు మెలిపడింది. పాతబస్తీలో ఎముకలు కట్టే పహిల్వాన్ దగ్గరికి మోసుకెళ్లారు. కోడిగుడ్డు సొన రాసి కట్టు కట్టాడు. నొప్పి తగ్గింది కానీ కాలు మునుపటిలా మడవలేదు. ఆ నవంబరులో నిజాం స్టేట్ రైల్వే సెంట్రల్ రైల్వేలో కలిసిపోయింది. జట్టుకు కొత్త చొక్కాలు వచ్చాయి. తాతకు చొక్కా రాలేదు, ఫిట్టర్ పని మాత్రం మిగిలింది.

నాయనమ్మ కాపురానికి వచ్చింది 1953లో. ఆమె చూసింది కుంటుతూ నడిచే మనిషినే. 1962లో జకార్తాలో రహీం సాబ్ నడిపిన భారత జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఏషియాడ్ బంగారం గెలిచింది. మన జట్టులోని జర్నైల్ సింగ్ తలకు కుట్లతోనే ఆడి గోల్ కొట్టాడు. పేపరులో అది చదివి తాత వంటింట్లోకి పరుగున, అంటే ఆయనకు వచ్చినంత పరుగున, వెళ్లాడట. నుదుటి గీత మీద వేలు పెట్టుకుని, "చూశావా, వాడికీ ఇక్కడే" అన్నాడట.

"పొయ్యి మీద పప్పు పొంగుతోంది, కాస్త జరుగు" అందట నాయనమ్మ.