మంద వెంట మోసుకుపోయే సోలార్ ప్యానెల్‌కు ఎంత పెట్టొచ్చు?

కళ్యాణదుర్గంలో మాది మొబైల్ రిపేరు షాపు. ఎండాకాలం వస్తుందనంగా చుట్టుపక్కల ఊర్ల గొర్రెల కాపరులు మందలు తోలుకొని నీళ్లుండే పక్కకు, వరి కోసిన మడుల్లోకి పోతారు. పోయే ముందు షాపుకొచ్చి అడిగేది ఒకటే. "అన్నా, మడిచి సంచిలో పెట్టుకునే సోలార్ ఒకటి చూసిపెట్టు, తక్కువలో ఉండాల." మంద కట్టిన చేన్లో కరెంటు ఉండదు. రేపు ఎవరి చేన్లో మంద కట్టాలో రైతుతో మాట్లాడుకోవాలన్నా ఫోనే దిక్కు. రాత్రి తోడేలొచ్చిందో కుక్కలొచ్చినాయో చూడాలంటే టార్చి ఉండాల్సిందే. వాళ్ల బతుకుదెరువు దీనిమీద ఆనుకొని ఉంది కాబట్టి ఏదో ఒకటి కొనుక్కోండని చెప్పి పంపడానికి నాకు మనసొప్పదు.

నా బల్లమీదికి రిపేరుకొచ్చే మడత ప్యానెళ్లను విప్పి చూస్తే లోపల ఎండను కరెంటుగా మార్చే సిలికాన్ బిళ్లలు చాలావరకు బాగానే ఉంటాయి. చెడేది పైన కప్పిన పొర. తక్కువ ధరవాటికి ఎక్కువగా పెట్ ప్లాస్టిక్ పొర ఉంటుంది. నీళ్ల సీసా చేసేదీ అదే ప్లాస్టిక్. ఒక ఖాళీ సీసాను మిద్దెమీద ఎండకు వదిలేసి చూడండి, మెల్లగా మసకబారి పెళుసెక్కుతుంది. ప్యానెల్ మీద పొరదీ అదే గతి. మొదట పసుపచ్చ తిరుగుతుంది, తర్వాత బుడగలు లేస్తాయి, అంచులు విడిపోతాయి. విడిపోయిన చోట తడి దిగి బిళ్లలమీది తెల్ల గీతలు నల్లబడతాయి. మడత దగ్గర వైరు తెగితే టంకం పెట్టి అతికిస్తాను. యూఎస్‌బీ సాకెట్ వదులైతే మారుస్తాను. పొర చెడితే మాత్రం నా దగ్గర మందు లేదు, ఎవరి దగ్గరా లేదు. అందుకే ధర చూసే ముందు పొర చూడమంటాను. ఈటీఎఫ్‌ఈ (ETFE) అనే ఇంకో రకం ప్లాస్టిక్ పొర ఎండకు, వేడికి చాలా ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది, వెలుతురును కూడా బాగా లోపలికి వదులుతుంది. దాన్ని వేలితో రుద్దితే సన్నని గరుకు తగులుతుంది కానీ అదొక్కటే నమ్ముకోకండి, పెట్‌లో కూడా గరుకువి వస్తున్నాయి. పెట్టెమీద ఈటీఎఫ్‌ఈ అని రాసి లేకపోతే పెట్ అనే లెక్క వేసుకోండి.

రెండో సంగతి వాట్లు. పెట్టెమీద 100 వాట్లని అచ్చేసి, విప్పితే నల్లటి భాగమంతా కలిపి రెండు ఏ4 కాగితాలంత కూడా లేనివి నా దగ్గరికి వస్తుంటాయి. మిట్టమధ్యాహ్నపు పూర్తి ఎండలో చదరపు మీటరుకు దాదాపు 1000 వాట్ల వెలుతురు పడుతుంది. మంచి సిలికాన్ బిళ్ల అందులో 20 నుంచి 22 శాతం కరెంటుగా మారుస్తుంది. ఆ లెక్కన ఒక ఏ4 కాగితమంత జాగాకు 13 వాట్ల దగ్గర వస్తుంది, రెండింటికి 26. టేపు పెట్టి కొలిస్తే ఎవరైనా పట్టుకోగల అబద్ధమిది. రూ.2,000కు 100 వాట్లు వస్తున్నాయని సంబరపడిన మనిషి నిజానికి పాతిక వాట్లకు, అదీ పెట్ పొర కప్పినవాటికి, రూ.2,000 పెట్టినట్టు.

మన ఎండలో ఆ పాతిక కూడా పూర్తిగా రాదు. వాట్లు కొలిచేది బిళ్ల 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు. అనంతపురం ఎండలో, అందులోనూ బండమీద పరిస్తే, అది 65 డిగ్రీలకు తేలిగ్గా పోతుంది. ప్రతి డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది కాబట్టి 12 నుంచి 16 శాతం అక్కడే పాయె. వెనక గాలి ఆడేట్టు దేనికైనా ఆనించండి. కంపమీద మాత్రం వేయొద్దు, తుమ్మముల్లు ఒక్కటి పొరలో దిగినా తడి లోపలికి పోవడానికి దారి దొరికినట్టే.

ఒకసారి ఒక పెద్దాయనకు ఇదంతా చెప్పి, మంచి పొరది ఆరు వేలవుతుందంటే చివరిదాకా విని, "ఆరు వేలంటే ఒక గొర్రెపిల్ల పాయ కదప్పా. గొర్రెలు తొక్కుతాయి, కుక్క వైరు కొరుకుతుంది, ఎవడన్నా ఎత్తకపోతాడు. పొయ్యేదానికి అంత పెట్టాల్నా?" అన్నాడు. ఆ మాటలో న్యాయముంది. పోగొట్టుకునే భయం ఎక్కువున్నచోట ఖరీదైన వస్తువు మనిషికి బరువే. "అట్లయితే చిన్నది తీసుకో తాతా, పొర మంచిది తీసుకో" అన్నాను. 5000 ఎంఏహెచ్ ఫోను బ్యాటరీ నిండాలంటే సుమారు 19 వాట్-అవర్లు కావాలి, అంటే 19 వాట్లు ఒక గంటసేపు అందాలి. నిజమైన 20 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో ఒక పూటలో రెండు ఫోన్లు, ఒక టార్చి చూసుకుంటుంది. మందతో పోయే మనిషికి అంతకన్నా పెద్దది మోతబరువు. ఉన్న డబ్బును వాట్లకు కాకుండా పొరకు, కుట్టుకు, గట్టి వైరుకు పెట్టమనేదే నా మాట. వైరు విడిగా ఊడొచ్చేదైతే ఇంకా మేలు, కుక్క కొరికితే వైరు మాత్రమే కొత్తది కొనుక్కోవచ్చు.

ఒకేచోట ఉండేవాళ్ల సంగతి వేరు. చెనిక్కాయ చేనుకు అడవిపందుల కాపలా పండేవాళ్లు కూడా మడత ప్యానెల్ అడుగుతున్నారు. వాళ్లకు వద్దనే చెప్తాను. అల్యూమినియం చట్రం, గట్టి అద్దం ఉన్న మామూలు 40 వాట్ల ప్యానెల్ బరువు నాలుగు కిలోలకు అటూ ఇటూ, బండి వెనక కట్టుకొని పోవచ్చు. వాటుకు పడే ధర మంచి మడత ప్యానెల్ కన్నా చాలా తక్కువ. నంబులపూలకుంట దగ్గరి పెద్ద సోలార్ పార్కులో కొండల మధ్య పరిచినవి కూడా అద్దం ప్యానెళ్లే, ఇదే ఎండ తింటున్నాయి. అద్దం ప్యానెళ్లకు తయారీదార్లు 25 ఏళ్లదాకా కరెంటు ఇంత తగ్గకుండా ఇస్తుందని హామీ రాసిస్తారు. మడతవాటికి సాధారణంగా ఒకటి రెండేళ్లకు మించి రాయరు. ఆ తేడాలోనే కంపెనీవాళ్లకు తమ వస్తువు మీద ఎంత నమ్మకముందో తెలుస్తుంది. అద్దందానికి బ్యాటరీకి కరెంటు ఎక్కువ పోకుండా చూసే చార్జ్ కంట్రోలర్ ఒకటి, 12 వోల్టుల బ్యాటరీ తోడు కావాలి, ఆ ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోండి.

కొన్నాక తడిగా ఉన్నప్పుడు మడవకండి. పవర్ బ్యాంకును ప్యానెల్ వెనక నీడలో పెట్టండి, ఎండలో పెడితే బ్యాటరీ ఉబ్బుతుంది. నడిచేటప్పుడు గొంగడిలో చుట్టి సామాను మధ్యలో పెట్టుకుంటే అంచులు నలగవు. బిల్లు తప్పకుండా అడిగి తీసుకోండి, అది లేకుండా గ్యారంటీ మాట ఎవరూ వినరు. ఆన్‌లైన్లో తెప్పించుకున్నవాళ్లు వాపసు గడువు దాటకముందే, ఎండ బాగున్న మధ్యాహ్నం షాపుకు తీసుకురండి. టేపుతో కొలిచి, మీటరు పెట్టి ఎన్ని వాట్లు వస్తున్నాయో చూసి చెప్తాను. దానికి డబ్బులేమీ తీసుకోను.