మూడవ అధ్యాయం మధ్యలో

అమ్మ పద్నాలుగు నెలలు మంచంలో ఉండి ప్రభువు సన్నిధికి వెళ్లిపోయింది. ఆ పద్నాలుగు నెలలూ స్వస్థత కోసం ప్రార్థించాం, ఉపవాసాలు ఉన్నాం, సంఘమంతా మాతో కలిసి మోకరించింది. స్వస్థత కలగలేదు. ఈ మాటను ఇంత సూటిగా రాయడానికి నాకు చాలా కాలం పట్టింది. మనం వినే సాక్ష్యాలు ఎక్కువగా కష్టంతో మొదలై విడుదలతో ముగుస్తాయి. అలా ముగియని అనుభవాన్ని చెప్పుకోవడానికి మన మధ్య చోటు తక్కువ.

ఆ రోజుల్లో మమ్మల్ని చూడవచ్చినవారు చాలామంది బైబిలులోని విలాపవాక్యములు అనే గ్రంథం మూడవ అధ్యాయంలోని ఇరవై రెండు, ఇరవై మూడు వచనాలను చదివి వెళ్లేవారు. దేవుని వాత్సల్యత అనుదినం నూతనంగా పుడుతుందని, "నీవు ఎంతైన నమ్మదగినవాడవు" అని చెప్పే ఆ మాటలు నాకు చిన్నప్పటి నుంచీ కంఠస్థమే. అయినా రాత్రంతా అమ్మ మూలుగు విన్న తర్వాత, ఉదయం ఎవరో వచ్చి ఆ వచనాలు చదువుతుంటే, అవి నొప్పి తెలియని ఇంట్లో పుట్టిన మాటల్లా నాకు వినిపించేవి. నిద్ర పట్టని ఒక రాత్రి, ఆ రెండు వచనాలను పక్కన పెట్టి, ఆ గ్రంథాన్ని మొదటి అధ్యాయం నుంచి చివరి వరకు చదివాను. నేను ఎంత పొరబడ్డానో అప్పుడు తెలిసింది.

ఆ గ్రంథం క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను సైన్యం యెరూషలేమును పడగొట్టి, దేవాలయాన్ని కాల్చివేసిన విధ్వంసం మీద పుట్టిన ఏడుపు. ముట్టడిలో కరవు వచ్చింది; పసిపిల్లలు తల్లుల ఒడిలోనే అన్నం అడుగుతూ ప్రాణాలు విడిచారు. సంప్రదాయం ఈ గ్రంథాన్ని యిర్మీయా ప్రవక్తదని చెబుతుంది. రాసినవాడు తన దుఃఖాన్ని పద్యంలో క్రమంగా పేర్చాడు: హీబ్రూ అక్షరాలు ఇరవై రెండు, మొదటి రెండు అధ్యాయాలలోను, నాలుగవ అధ్యాయంలోను ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క వచనం, మూడవ అధ్యాయంలో మాత్రం అక్షరానికి మూడేసి చొప్పున అరవై ఆరు వచనాలు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకు ఏడవనిచ్చిన ఈ పద్ధతి నన్ను ఎంతో ఓదార్చింది. దుఃఖాన్ని సగంలో ఆపమని ఇక్కడ ఎవరూ ఆజ్ఞాపించడం లేదు.

అందరూ ఎత్తి చదివే ఆ వచనాలు మూడవ అధ్యాయంలో ఎక్కడ ఉన్నాయో చూడండి. వాటికి ముందు, తాను మొరపెట్టినా దేవుడు తన ప్రార్థనను వినకుండా తోసివేశాడని ఎనిమిదవ వచనంలో ఆ భక్తుడే చెప్పాడు. తన బలం ఉడిగిందని, యెహోవా మీద తనకు ఇక ఆశ లేదని పద్దెనిమిదవ వచనంలో అనుకున్నాడు. వాటి తర్వాత, నలభై ఎనిమిదవ వచనం నుంచి మళ్లీ కన్నీళ్లే. గ్రంథం చివరి వచనం కూడా విజయగీతం కాదు, మమ్మల్ని బొత్తిగా విసర్జించావా అన్న వేదన. అంటే "నమ్మదగినవాడవు" అన్న మాట కష్టం తీరిన తర్వాత, వెనక్కి తిరిగి చూసుకుని చెప్పినది కాదు. ముందూ వెనకా కన్నీళ్లు ఉండగా, నగరం ఇంకా శిథిలంగానే ఉండగా చెప్పినది.

అరవై ఆరు వచనాల ఆ అధ్యాయానికి సరిగ్గా నడుమ, ముప్పై మూడవ వచనంలో, దేవుడు నరులను హృదయపూర్వకంగా బాధపెట్టడన్న మాట ఉంది. అమ్మ మంచం పక్కన కూర్చుని నేను ఆనుకోగలిగిన గోడ అదొక్కటే. బాధ ఎందుకు వచ్చిందో ఆ వచనం చెప్పదు. ఆ బాధలో దేవునికి సంతోషం లేదని మాత్రం చెబుతుంది.

ఇంకొక సంగతి. ఆ అధ్యాయం మొదటి భాగంలో ఆ భక్తుడు దేవుని గురించి ఎక్కువగా "ఆయన" అంటూ మాట్లాడాడు; ఇరవై మూడవ వచనానికి వచ్చేసరికి "నీవు" అన్నాడు. వినడం లేదని తాను ఫిర్యాదు చేసిన దేవుని వైపే తిరిగి ఆ మాట చెప్పాడు. యోబు గ్రంథంలోనూ నాకు ఇదే కనిపిస్తుంది. అన్నీ పోగొట్టుకుని బాధలో ఉన్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నేల మీద మౌనంగా కూర్చున్నంత వరకు మంచి స్నేహితులే. నోరు తెరిచాక దేవుని గురించి ఎంతో మాట్లాడారు గాని, దేవునితో ఒక్క మాటా మాట్లాడలేదు. యోబు మాత్రం కోపంతోనైనా ఆయనతోనే మాట్లాడాడు. చివరికి తన గురించి యుక్తమైనది పలికినవాడు యోబే అని దేవుడు తీర్పు చెప్పాడు. సిలువ మీద యేసు ప్రభువు కూడా, నన్నెందుకు చేయి విడిచితివి అన్న ఇరవై రెండవ కీర్తన మాటనే కేక వేశాడు. ఆ కేకలో సైతం "నా దేవా" అన్న పిలుపు ఉంది. అందుకే బాధలో ఉన్నవారితో "నీకు విశ్వాసం తక్కువ" అని అనేవారి మాట నాకు ఎంతో అన్యాయంగా తోస్తుంది. ఆ మాట మాకూ ఎదురైంది. అమ్మ విన్నది కూడా.

"నమ్మదగినవాడవు" అన్న చోట హీబ్రూలో ఉన్న మాట "ఎమూనా." అదే మాట నిర్గమకాండము పదిహేడవ అధ్యాయంలో, అమాలేకీయులతో యుద్ధం జరిగిన రోజున, పైకెత్తిన మోషే చేతుల గురించి వాడబడింది. ఆయన చేతులు బరువెక్కిపోతే, అహరోను, హూరు ఆయనను రాతి మీద కూర్చోబెట్టి చెరొక పక్కన నిలిచి ఆ చేతులను ఆదుకున్నారు. సూర్యుడు అస్తమించే వరకు అవి నిలకడగా ఉన్నాయి. ఆ నిలకడే ఎమూనా. మోషే చేతులకు ఇతరుల ఆసరా కావలసి వచ్చింది. దేవుని నిలకడకు ఎవరి ఆసరా అక్కరలేదు. ఆయన నమ్మకత్వం నా పట్టు బలం మీద ఆధారపడినదైతే, అమ్మ జబ్బు మూడవ నెలలోనే అది కూలిపోయి ఉండేది.

చివరి రాత్రి నేను ప్రార్థించలేకపోయాను. నోట మాట రాలేదు. సంఘంలోని ముగ్గురు పెద్ద సహోదరీలు మంచం చుట్టూ కూర్చుని, తెల్లవారే వరకు వంతులవారీగా ప్రార్థిస్తూనే ఉన్నారు. ప్రతి ప్రార్థన చివర ఆమేన్ అనడానికి కూడా నాకు పెదవులు కదలలేదు. వాళ్లే నా వంతు కూడా అన్నారు. ఆమేన్ అన్న మాట, ఎమూనా అన్న మాట ఒకే ధాతువు నుంచి వచ్చాయని తర్వాత చదివినప్పుడు, ఆ రాత్రి ఆ గదిలో నా చేతులను ఎవరు పట్టుకుని ఉన్నారో నాకు అర్థమైంది.

అమ్మకు ఎందుకు స్వస్థత కలగలేదన్న నా ప్రశ్నకు జవాబు రాలేదు. ఆ ప్రశ్నను నేను వదిలిపెట్టనూ లేదు. ప్రతి ఉదయం బైబిలు తెరిచినప్పుడు అడుగుతూనే ఉన్నాను, ఆయన్నే, "నీవు" అని పిలిచి.